ట్రేడ్‌మార్కులు, డిజైన్ రిజిస్ట్రేషన్లు లెక్కపెడితే నవకల్పన తెలుస్తుందా?

గణాంకప్రియ

నమస్కారం. సేవారంగంలో నవకల్పన (ఇన్నోవేషన్) మీద సిద్ధాంత గ్రంథం రాస్తున్నాను. అందరిలాగే పేటెంట్ దరఖాస్తులు, పరిశోధన ఖర్చులతో మొదలుపెట్టాను. నా జాబితాలో ఉన్నవేమో బీమా సంస్థలు, సరకు రవాణా, చెల్లింపుల సేవలు, హోటళ్లు. పట్టిక తెరిస్తే పేటెంట్ల వరుసలో పైనుంచి కిందిదాకా సున్నాలే. పరిశోధన ఖర్చు అనే పద్దు చాలా సంస్థల లెక్కల్లో అసలు కనిపించదు. అలాగని ఈ సంస్థలన్నీ ఇన్నేళ్లుగా కొత్తగా ఏమీ చేయలేదంటే ఎవరూ నమ్మరు, నేనూ నమ్మను.

మా గైడ్ ట్రేడ్‌మార్కులు (సంస్థ తన సరకుకో సేవకో నమోదు చేయించుకునే పేరు, గుర్తు), డిజైన్ రిజిస్ట్రేషన్లు (వస్తువు రూపం మీద హక్కు) తీసుకుని చూడమన్నారు. అమెరికా, యూరప్ సమాచారం తెచ్చుకున్నాను. సున్నాలు పోయి అంకెలు పోటెత్తాయి. అవి దేన్ని కొలుస్తున్నాయో మాత్రం అంతుపట్టడం లేదు. పేరు పెట్టుకోవడం నవకల్పన ఎలా అవుతుందని పరీక్షకులు అడిగితే ఏం చెప్పాలి? ఈ సమాచారంతో పని చేసినవారు, రిజిస్ట్రీ వ్యవహారాలు తెలిసినవారు ఎవరైనా చెప్పగలరా?

లెక్కలపంతులు

మీ గైడ్ చూపించింది సరైన దారే. పైగా కొత్త దారి కూడా కాదు. 2004లో రీసెర్చ్ పాలసీ పత్రికలో వచ్చిన ఒక వ్యాసం ట్రేడ్‌మార్కులను నవకల్పనకు, పరిశ్రమల్లో మార్పుకు సూచికగా వాడవచ్చని వాదించింది. ఆ తర్వాత చాలామంది అదే బాట పట్టారు. ఇప్పుడు దేశాల నవకల్పనను పోల్చే యూరోపియన్ ఇన్నోవేషన్ స్కోర్‌బోర్డులో ట్రేడ్‌మార్కులకు, డిజైన్లకు విడివిడిగా చోటుంది. ప్రపంచ మేధోసంపత్తి సంస్థ (వైపో) ఏటా వెలువరించే ప్రపంచ నవకల్పన సూచీలోనూ రెండూ ఉన్నాయి.

వాదన ఇది. పేటెంట్ ఆవిష్కరణ దగ్గర పుడుతుంది. దాని మీద తయారైన వస్తువు అంగడికి చేరవచ్చు, బీరువాలోనే ఉండిపోవచ్చు. ఓఈసీడీ, యూరప్ గణాంక సంస్థ యూరోస్టాట్ కలిసి నవకల్పనను కొలవడానికి తెచ్చిన ఓస్లో మాన్యువల్ 2018 కూర్పు ప్రకారం కొత్త వస్తువైనా సేవైనా వాడేవారికి అందుబాటులోకి వస్తేనే నవకల్పన. ట్రేడ్‌మార్క్ పుట్టేది సరిగ్గా ఆ గుమ్మం దగ్గర. ఏ సంస్థా అమ్మే ఉద్దేశం లేని దానికి పేరు నమోదు చేయించుకుని రుసుము కట్టదు (దాదాపుగా, మినహాయింపుల గురించి ఇక్కడ ఎలాగూ ఎవరో ఒకరు చెబుతారు).

ఇక మీ సేవారంగం సంగతి. ట్రేడ్‌మార్క్ ఏ సరకుకో, ఏ సేవకో చెప్పే అంతర్జాతీయ జాబితా నీస్ వర్గీకరణ. అందులో 45 తరగతులుంటే 1 నుంచి 34 దాకా సరకులు, 35 నుంచి 45 దాకా సేవలు. పేటెంట్ వర్గీకరణలో బీమా పాలసీకి చోటు వెతుక్కోవాలి. ఇక్కడ దానికి 36వ తరగతి ముందే సిద్ధంగా ఉంది. చిన్న సంస్థలూ పేటెంట్లకంటే ట్రేడ్‌మార్కుల గుమ్మమే ఎక్కువగా తొక్కుతాయి. ఖర్చు తక్కువ, ప్రక్రియ సులువు.

వాదప్రియుడు

> ట్రేడ్‌మార్క్ పుట్టేది సరిగ్గా ఆ గుమ్మం దగ్గర

పంతులుగారూ, గుమ్మం దగ్గర పుట్టినవన్నీ కొత్తవేనా? పేటెంటుకు చట్టం అడిగేది కొత్తదనం. ట్రేడ్‌మార్కుకు అడిగేది వేరే సంస్థ గుర్తుతో కలిసిపోకుండా విడిగా గుర్తుపట్టగలగడం. వెనక ఉన్న సరకు వందేళ్ల నాటిదైనా రిజిస్ట్రీకి పట్టదు. 2021లో ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటాగా మారింది. ఒక్క పేరు మార్పుతో ఎన్ని దేశాల్లో, ఎన్ని తరగతుల్లో దరఖాస్తులు పడి ఉంటాయో ఊహించుకోండి. ఆ రోజు కొత్తగా వచ్చిన వస్తువేది? పాత సబ్బుకు కొత్త పరిమళం, పాత బీమాకు కొత్త పేరు, ఇవన్నీ మీ లెక్కలో నవకల్పనలే అవుతాయి. పాత గోడకు సున్నం కొట్టినప్పుడల్లా కొత్త ఇల్లు కట్టినట్టు రాసుకోవడమే ఇది.

గణాంకప్రియగారూ, మీ పరీక్షకుల స్థానంలో నేనుంటే ఇదే అడుగుతాను.

ముద్రాక్షరం

ట్రేడ్‌మార్కుల దరఖాస్తులు రాయడమే నా వృత్తి కాబట్టి రెండు వైపులా కొంత చెప్పాలి.

వాదప్రియుడుగారు చట్టం గురించి అన్నది నిజమే. అయితే పేటెంటుకు కనిపించని నవకల్పన ట్రేడ్‌మార్కులో పట్టుబడిన సందర్భాలు తక్కువేమీ కాదు. ఆస్పిరిన్ చూడండి. అసిటైల్ శాలిసిలిక్ ఆమ్లం అంతకుముందే తెలిసిన పదార్థమని జర్మనీలో పేటెంట్ నిరాకరించారు. బేయర్ కంపెనీ 1899లో ఆస్పిరిన్ పేరును ట్రేడ్‌మార్కుగా నమోదు చేయించింది. అమెరికాలో మాత్రం 1900లో పేటెంట్ దొరికింది, 1917లో గడువు తీరింది. 1921లో అక్కడి న్యాయస్థానం, సామాన్య కొనుగోలుదారుల నోట ఆస్పిరిన్ అంటే ఆ మందు పేరే తప్ప బేయర్ గుర్తు కాదని తేల్చింది. జర్మనీ పేటెంట్ల లెక్క మాత్రమే చూసే పరిశోధకుడికి ఇరవయ్యో శతాబ్దపు ఇంత పెద్ద మందు కనబడనే కనబడదు. ట్రేడ్‌మార్కుల పుస్తకంలో మాత్రం తేదీతో సహా ఉంటుంది.

ఇప్పుడు రెండో వైపు. అంకెలు ఎగిరినప్పుడల్లా ముందు చట్టం మారిందేమో చూడండి, ఆ తర్వాతే నవకల్పన గురించి ఆలోచించండి. రెండు ఉదాహరణలు చెబుతాను.

అమెరికాలో ఒకప్పుడు గుర్తును వాణిజ్యంలో వాడాకే దరఖాస్తు పెట్టాలి. 1989 నవంబరు నుంచి వాడే ఉద్దేశం ఉందన్నా చాలు. వెంటనే దరఖాస్తులు పోటెత్తాయి. అమెరికా సంస్థలకు ఆ ఏడాది బుర్రలు ఉన్నట్టుండి పదునెక్కలేదు కదా.

యూరప్‌లో 2016 మార్చి దాకా ఒకే రుసుముకు మూడు తరగతులు వచ్చేవి. మూడు వచ్చేటప్పుడు ఒకటి ఎవరు రాసుకుంటారు? అవసరం ఉన్నా లేకపోయినా మరో రెండు జోడించేవాళ్లం. ఆ తర్వాత ఒక్కో తరగతికి విడిగా రుసుము పెట్టారు. తరగతుల లెక్కతో కొలిచేవారికి అక్కడ ఒక విరుపు కనిపిస్తుంది. వ్యాపారంలో ఆ విరుపు లేదు, రుసుముల పట్టికలో ఉంది.

ఇంకొకటి. కొత్త వస్తువు పేరు విడుదలకు ముందే బయటపడకూడదని కొన్ని పెద్ద టెక్ సంస్థలు జమైకా, ట్రినిడాడ్ వంటి చోట్ల మొదటి దరఖాస్తు పెడతాయి. అక్కడి పుస్తకాలను దూరం నుంచి వెతకడం కష్టం. పారిస్ ఒప్పందం ప్రకారం ట్రేడ్‌మార్కుకు, డిజైనుకు ఆరు నెలల ప్రాధాన్య గడువుంటుంది, అంటే ఆలోపు వేరే దేశంలో వేసినా మొదటి దరఖాస్తు తేదీయే లెక్కలోకి వస్తుంది. అది తీరేలోపు స్వదేశంలో అసలు దరఖాస్తు వేస్తారు. కాబట్టి మొదట దాఖలైన దేశాన్ని బట్టి నవకల్పన ఎక్కడ పుట్టిందో తేల్చకండి. దరఖాస్తుదారు చిరునామా, ప్రాధాన్య తేదీ రెండూ చూడాలి.

రూపశిల్పి

డిజైన్ల మాట ఎవరూ ఎత్తలేదు. వృత్తిరీత్యా వస్తువుల రూపకల్పన చేస్తాను. ఈ సూచికను లెక్కపెట్టేవారిలో చాలామంది ఒక్క డిజైన్ పత్రమైనా తెరిచి చూడరని నా అనుమానం.

తెరిస్తే ఏముంటుందో చెబుతాను. వివరణ మహా అయితే ఒకటి రెండు వాక్యాలు. మిగతాదంతా బొమ్మలే: ముందు, వెనక, కుడి, ఎడమ, పైన, కింద, ఒక వాలు కోణం. గీతలు రెండు రకాలు. నిండు గీత హక్కు కోరుతున్న భాగం, చుక్కల గీత కోరని భాగం. ఆపిల్, శాంసంగ్ మధ్య 2012లో విచారణకు వచ్చిన డిజైన్ పేటెంట్లలో (అమెరికాలో డిజైన్ హక్కును అలా అంటారు) ఒకటి ఐఫోన్ ముందు భాగానిది. దానిలో నల్లని చదునైన ముఖం, గుండ్రని మూలలు నిండు గీతల్లో ఉంటాయి. కింది గుండ్రని మీట, వెనక డొల్ల అన్నీ చుక్కలే. అంటే కోరింది ఫోను కాదు, ఒక ముఖం. అదే ఫోను నుంచి తెర మీది బొమ్మల అమరికకు ఇంకో డిజైన్ పేటెంట్. ఒక్క వస్తువును ఎన్ని ముక్కలుగా గీస్తే అన్ని రిజిస్ట్రేషన్లు. మీ పట్టికలో అవన్నీ వేర్వేరు నవకల్పనలుగా పడతాయి.

ఇక పరిశీలన. అమెరికాలో డిజైనుకు కొత్తదనం పరీక్షించాకే పేటెంట్ ఇస్తారు. యూరోపియన్ యూనియన్‌లో కొత్తదా కాదా అని రిజిస్ట్రీ చూడదు, ఎవరైనా సవాలు చేస్తేనే తేలుతుంది. క్రాక్స్ చెప్పుల డిజైన్ యూరప్‌లో ఏళ్ల తరబడి నమోదై ఉంది. దరఖాస్తుకు ఏడాదికంటే ముందే, 2002లోనే ఆ చెప్పులు ఒక పడవల ప్రదర్శనలో బయటపడ్డాయని, అమ్మకానికీ వచ్చాయని తేలడంతో కొత్తదనం లేదన్న నిర్ణయాన్ని 2018లో అక్కడి జనరల్ కోర్టు సమర్థించింది. వస్తువు నిజంగా కొత్తదే, జనం ఎగబడి కొన్నదే. రిజిస్ట్రేషన్ మాత్రం చెల్లలేదు. కాబట్టి యూరప్ డిజైన్లనూ అమెరికా డిజైన్ పేటెంట్లనూ ఒకే వరుసలో కూడకండి.

కనిపించని డిజైన్ల సంగతి ఇంకా పెద్దది. యూరప్‌లో నమోదు చేయకపోయినా, బయటపెట్టిన రోజు నుంచి మూడేళ్లు రక్షణ ఉంటుంది. ఒక్క రుతువు అమ్ముడుపోయి మాయమయ్యే దుస్తులకు అది చాలు, రిజిస్ట్రీ గడప తొక్కనక్కర్లేదు. రూపం మీదే బతికే పరిశ్రమ డిజైన్ లెక్కల్లో దాని స్థాయికి తగ్గట్టు కనిపించకపోవడానికి ఇదొక కారణం.

వాదప్రియుడు

రూపశిల్పిగారు నా వాదనను నాకంటే బాగా చెప్పారు. దీనికి ఇంకో ముక్క కలుపుతాను. కోకా-కోలా సీసా ఆకారానికి 1915లో డిజైన్ పేటెంట్ వచ్చింది. అదే ఆకారం 1960లో అమెరికాలో ట్రేడ్‌మార్కుగా నమోదైంది. మధ్యలో నలభై అయిదేళ్లు. 1960లో కొత్త సీసా ఏదీ రాలేదు, పాత సీసాను జనం గుర్తుపట్టేంతగా అలవాటు పడ్డారు, అంతే. ఆ సంవత్సరపు గడిలో ఒకటి వేసి నవకల్పన అంటారా?

సుధేష్ణ

ఈ సమాచారాన్ని శుభ్రం చేయడమే నా రోజువారీ పని. కోకా-కోలా సీసా లాంటివి లెక్కను పెద్దగా చెడగొట్టవండీ. అలాంటివి అరుదు. అసలు బెడద రాశుల్లో ఉంది.

ట్రేడ్‌మార్క్ తరగతుల లెక్కలోనూ, డిజైన్ల లెక్కలోనూ ఇటీవలి సంవత్సరాల్లో ప్రపంచం మొత్తంలో సుమారు సగం చైనాదే. అక్కడి పరిశ్రమ పెద్దది, నిజమే. కానీ స్థానిక ప్రభుత్వాలు దరఖాస్తులకు రాయితీలు ఇచ్చాయి, అవి విదేశాల్లో వేసే దరఖాస్తులకూ వర్తించాయి. దీని మీద అమెరికా పేటెంట్, ట్రేడ్‌మార్క్ కార్యాలయం 2021లో ప్రత్యేకంగా నివేదిక ఇచ్చింది. దానికి తోడు అమెజాన్‌లో అమ్మకందారులు బ్రాండ్ నమోదు చేసుకోవాలంటే ట్రేడ్‌మార్క్ కావాలి. ఫలితంగా నోరు తిరగని అక్షరాల గుత్తులు వేల కొద్దీ రిజిస్ట్రీలోకి వచ్చాయి. వాటి దస్తావేజుల్లో వాడకానికి రుజువుగా పెట్టిన ఫోటోలు చూస్తే విషయం తెలిసిపోతుంది: అదే చొక్కా, అదే మడత, అదే నీడ, మెడ దగ్గర పట్టీ మీద మాత్రం దరఖాస్తుకో పేరు. 2019 ఆగస్టు నుంచి విదేశీ దరఖాస్తుదారులు అమెరికా న్యాయవాది ద్వారానే రావాలన్న నిబంధన ఊరికే రాలేదు.

దేశాల పోలికలో ఇంకో వింత. యూరోపియన్ స్కోర్‌బోర్డులో జీడీపీతో పోల్చి చూసే ట్రేడ్‌మార్కుల వరుసలో మాల్టా, సైప్రస్, లగ్జెంబర్గ్ ముందుంటాయి. అక్కడ కూర్చున్నవి చాలామటుకు పన్నుల కోసమో లైసెన్సుల కోసమో నమోదైన కంపెనీలు. పని ఎక్కడ జరిగిందో ఆ వరుస చెప్పదు.

గణాంకప్రియగారికి నా సలహా: దరఖాస్తులన్నీ కూడి సంస్థకో అంకె వేయకండి. ఆ సంస్థ అంతకుముందు ఎన్నడూ లేని తరగతిలోకి మొదటిసారి అడుగుపెట్టిన సందర్భాలను పట్టుకోండి. సరకు రవాణా సంస్థకు రవాణా తరగతి అయిన 39లో ఇంకో పేరు వస్తే అది పేరే కావచ్చు. అదే సంస్థ తొలిసారి 42లోకి, అంటే సాఫ్ట్‌వేర్ సేవల్లోకి వచ్చిందంటే ఏదో మారింది. మెటా లాంటి పేరు మార్పులు కూడా ఈ జల్లెడలో చాలావరకు రాలిపోతాయి, పాత తరగతులే మళ్లీ వస్తాయి కాబట్టి. అమెరికా సమాచారానికి ఇంకో సౌకర్యం ఉంది. నమోదైన అయిదు, ఆరేళ్ల మధ్య గుర్తు ఇంకా వాడుకలో ఉందని ప్రమాణపత్రం ఇవ్వాలి, ఇవ్వకపోతే రద్దవుతుంది. ఆ గండం దాటినవాటినే లెక్కపెడితే చెత్త చాలా పోతుంది. యూరప్‌లో ఆ సౌకర్యం లేదు. పదేళ్లకోసారి రుసుము కడితే పొడిగిస్తారు, వాడకం రుజువు అడిగేది ఎవరైనా సవాలు చేసినప్పుడే.

వాదప్రియుడు

అంటే ఇన్ని జల్లెడలు పట్టాక మిగిలేది పనికొస్తుందని మీరూ ఒప్పుకున్నట్టే, పట్టకముందు పనికిరాదని నేను అన్నట్టే. చట్టం మారితే మారిపోయే కొలతను సూచిక అనడానికి మాత్రం నాకు ఇంకా మనసొప్పడం లేదు.

లెక్కలపంతులు

ఆ లెక్కన పేటెంట్లనూ వదిలేయాలి. 1998లో స్టేట్ స్ట్రీట్ కేసులో, వ్యాపార పద్ధతికీ పేటెంట్ దొరకవచ్చని అమెరికా ఫెడరల్ సర్క్యూట్ అప్పీలు కోర్టు తీర్పు ఇచ్చాక వ్యాపార పద్ధతుల మీద పేటెంట్ దరఖాస్తులు వరదలా వచ్చాయి. 2014లో ఆలిస్ కేసులో సుప్రీంకోర్టు తలుపు సగం మూసింది. నడుమ ఉన్న పదహారేళ్లలో ఆర్థిక సంస్థల తెలివితేటలు పెరిగి తరిగాయని ఎవరూ అనలేదు. అయినా పేటెంట్ లెక్కలు వాడుతూనే ఉన్నాం. ఒకే దేశంలో, ఒకే తరగతిలో, ఒకే సంవత్సరంలో సంస్థకూ సంస్థకూ మధ్య తేడా చూస్తున్నాం. చట్టం ఆ ఏడాది అందరికీ ఒక్కటే కదా. ట్రేడ్‌మార్కులకూ అదే పద్ధతి చాలు. దేశాల మధ్య పందెం పెట్టినప్పుడే ఈ తిప్పలన్నీ.

స్కోర్‌బోర్డులు చేసేది సరిగ్గా ఆ పందెమే. అందులో వాదప్రియుడుగారితో నాకు పేచీ లేదు.

గణాంకప్రియ

అందరికీ ధన్యవాదాలు. తరగతి ప్రవేశం పద్ధతి నా ప్రశ్నకు సరిగ్గా సరిపోతుంది, సంస్థకూ సంస్థకూ మధ్య పోలికకే పరిమితమవుతాను. రెండు సందేహాలు మిగిలాయి. ఒకటి, నా సంస్థల్లో కొన్నింటికి డిజైన్ రిజిస్ట్రేషన్లు ఉన్నాయి. చెల్లింపుల సంస్థకు డిజైన్ ఏమిటి? రెండోది, హోటళ్ల తరగతి 43లో 2002కు ముందు నాకు దాదాపు ఏమీ కనిపించడం లేదు. ఆ తర్వాత ఒక్కసారిగా గుట్టలు. అప్పుడు హోటళ్ల వ్యాపారంలో ఏం జరిగింది?

రూపశిల్పి

మొదటిదానికి నేను చెబుతాను. డిజైన్ల అంతర్జాతీయ జాబితా అయిన లొకార్నో వర్గీకరణలో 14-04 చూడండి, అది తెర మీది దృశ్యాలకు, చిహ్నాలకు కేటాయించిన ఉపతరగతి. చెల్లింపుల సంస్థ నమోదు చేయించింది తన ఆప్ తెరలు అయి ఉంటుంది. మీకు ఇది బంగారం లాంటి సమాచారం, ఎందుకంటే సేవ రూపం మారిన సంగతి ఇక్కడ బొమ్మతో సహా దొరుకుతుంది. ఒకే తెరలో చిన్న చిన్న మార్పులతో పది నమోదు చేస్తారు కాబట్టి ఒకే రోజున ఒకే సంస్థ వేసినవాటిని ఒక్కటిగా కట్టండి. యూరప్‌లో 2025 మే నుంచి కదిలే దృశ్యాలు, మార్పులు కూడా డిజైన్ నిర్వచనంలోకి స్పష్టంగా వచ్చాయి, ఒక్క దరఖాస్తులో యాభై డిజైన్ల దాకా ఏ తరగతివైనా కలిపి పెట్టవచ్చు. ఆ తేదీ తర్వాతి సమాచారం తీసుకుంటే దరఖాస్తుల లెక్క వేరు, డిజైన్ల లెక్క వేరు అని గుర్తుంచుకోండి.

ముద్రాక్షరం

రెండోది నాది. హోటళ్లలో ఏమీ జరగలేదు. 2001 చివరి దాకా నీస్ వర్గీకరణలో ఉన్నవి 42 తరగతులే. చివరిదైన 42లో హోటళ్లు, వైద్యం, న్యాయసేవలు, కంప్యూటర్ ప్రోగ్రామింగ్, ఇంకెక్కడా ఇమడనివన్నీ కుక్కి ఉండేవి. 2002 జనవరిలో అమల్లోకి వచ్చిన ఎనిమిదో కూర్పు దాన్ని విడదీసి 43, 44, 45 సృష్టించింది. వసతి, భోజనం 43కు వెళ్లాయి. పాత రిజిస్ట్రేషన్లు చాలావరకు పాత అంకెతోనే ఉండిపోయాయి.

కాబట్టి సుధేష్ణగారు చెప్పిన తరగతి ప్రవేశం లెక్కను 2002 మీదుగా అలాగే నడిపిస్తే ప్రతి హోటలూ ఆ ఏడాది కొత్త రంగంలోకి దూకినట్టు చూపిస్తుంది. 2002 తర్వాతి 42 నుంచి 45 దాకా నాలుగింటినీ అంతకుముందరి 42తో కలిపి ఒకే కట్టగా పెట్టి, తరగతి అంకె బదులు సేవల వివరణలోని మాటలు చూడండి. "తాత్కాలిక వసతి" అని రాసి ఉంటే అది ఏ అంకె కింద ఉన్నా హోటలే. అదే వివరణలో "రిజర్వేషన్ సాఫ్ట్‌వేర్" మొదటిసారి కనిపించిన తేదీ కూడా రాసుకోండి. మీ పరీక్షకులకు చూపించాల్సింది ఆ తేదీ.

సుధేష్ణ

ముద్రాక్షరంగారు చెప్పినదానికి చిన్న చేర్పు. అమెరికా రిజిస్ట్రీ సమాచారంలో వివరణల పాఠం విడి ఫైలుగా ఉంటుంది, తరగతుల ఫైలుతో క్రమసంఖ్య ద్వారా కలుపుకోవాలి. సంస్థల పేర్లు కలిపేటప్పుడు అనుబంధ సంస్థలను మాతృసంస్థ కిందికి ముందే తెచ్చుకోండి. హోటళ్లు గుర్తులన్నీ వేరే కంపెనీ పేరిట ఉంచడం మామూలు. ఆ పని చేయకుండా మొదలుపెడితే మీ పట్టికలో మళ్లీ సున్నాలే వస్తాయి.